ఇస్త్రీపెట్టెలో రెండు తీగలు

టైలరు మావయ్యకు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయి. రెండూ ఎండిన మట్టి రంగే. ఈ సంగతి ఆయన భార్యకు తప్ప ఇంకెవరికీ తెలియదు. రంగులు తెలియని టైలరు దగ్గరికి గుడ్డ తెచ్చేదెవరు? అందుకే ముప్పై ఏళ్లుగా దారాలు ఆవిడే సర్దుతుంది. ఎరుపు కుడి సొరుగు, ఆకుపచ్చ ఎడమ సొరుగు. ఒకసారి అవి తారుమారై ఆకుపచ్చ చొక్కాకి ఎర్రదారంతో కాజాలు కుట్టేశాడు. చొక్కా చూసి కుట్టించుకున్న మనిషి తెల్లబోతే, "ఇప్పుడిదే నడుస్తోందండీ" అన్నాడు నిబ్బరంగా. ఆయన ఇంకో రెండు అలాగే కుట్టించుకున్నాడు.

ఇంతకంటే పెద్ద గండం ఏనాడూ రాలేదు, ఆదివారం గుంపులో చేరేదాకా.

బడిలో ఖాళీగా పడున్న గదిలో ఆదివారం పొద్దున నలుగురు చేరి, జనం పారేయబోయే వస్తువులు బాగుచేసి ఇస్తారు. ఎవరికొచ్చిన పని వాళ్లు పక్కవాళ్లకి నేర్పాలి, అదే అక్కడి పద్ధతి. మావయ్య అందరికీ చిరుగు కనపడకుండా కుట్టడం నేర్పాడు. గొడుగులక్క కమ్ములు మార్చడం నేర్పింది. మోటార్లు చుట్టే వైండింగ్ తాత కరెంటు పని నేర్పాడు. "ఇస్త్రీపెట్టెకి ఎర్రతీగ ఇక్కడ, నల్లది అక్కడ, ఆకుపచ్చది ఇనుప ఒంటికి. ఎర్రదాంట్లోనే కరెంటొస్తుంది, గుర్తుపెట్టుకోండి" అని తాత చెబుతుంటే మావయ్య అందరికంటే ముందు తలాడించాడు. తర్వాత పక్కవాళ్లు ఏది ఎక్కడ బిగిస్తున్నారో ఓరగా చూసి తనూ బిగించేవాడు. నోరు తెరిచి అడగలేదు.

ఆ ఆదివారం పన్నెండింటికి కరెంటు పోయింది. "వచ్చాక నేను టెస్టరు పెట్టి చూడాలి. అప్పటిదాకా ఏదీ బల్ల దిగడానికి వీల్లేదు" అని తాత భోజనానికి వెళ్లాడు. గొడుగులక్క కూడా వెళ్లింది. గదిలో మావయ్య ఒక్కడే మిగిలాడు. ముందు ఇస్త్రీపెట్టె ఉంది, కొత్త వైరు బిగించింది. ఎవరినీ చూడకుండా, ఒంటరిగా తను చేసిన మొదటి పని.

ఆసుపత్రిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. పెట్టె ఆమెదే.

"మావయ్యా, సాయంత్రం డ్యూటీ. కరెంటు రాగానే యూనిఫారం ఇస్త్రీ చేసుకోవాలి. అయిందా?"

"అవకేం? తీసుకెళ్లు తల్లీ. వేడెక్కిందో లేదో తడివేలు పెట్టి చూసుకో. చుయ్యిమంటే సరే."

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, ఇస్త్రీపెట్టె తనే చేశానని గొప్పగా చెప్పాడు. వడ్డిస్తున్న భార్య చెయ్యి ఆగింది.

"రంగులెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నల్లది నాకు తెలుస్తుందిగా."

"మిగతా రెండూ?"

కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేశాడు. మిగతా రెండూ మట్టిరంగే. వాటిలో కొంచెం ముదురుగా ఉన్నది ఎర్రదనుకున్నాడు. అనుకున్నాడు, అంతే.

"అది తప్పయితే ఏమవుతుంది?" అంది ఆవిడ మెల్లగా.

తాత చెప్పిందంతా అప్పుడు గుర్తొచ్చింది. తీగలు మారితే పెట్టె వేడెక్కదు. కరెంటంతా ఇనుప ఒంట్లోకి వస్తుంది. వేడెక్కకపోతే ఆ పిల్ల ఏం చేస్తుంది? వేలు తడిచేసుకుని ముట్టుకుంటుంది. ఆ మాట చెప్పి పంపింది ఎవరు?

చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు. అమ్మాయి ఫోను నంబరు లేదు. ఇల్లు మాత్రం తెలుసు, నాలుగు వీధుల అవతల. పైన ఫ్యాను కదలడం లేదు. అదొక్కటే ధైర్యం.

యాభై ఎనిమిదేళ్ల మనిషి చెప్పులు లేకుండా ఎండలో పరుగు తీశాడు. దారిపొడుగునా కళ్లు ఫ్యాన్ల మీదే. మంగలిషాపులో ఫ్యాను ఆగి ఉంది. మందులషాపులో చీకటి. "ఏంటి మావయ్యా, ఎవరైనా తరుముతున్నారా?" అని ఎవరో నవ్వారు. పిండిమర దగ్గర మలుపు తిరిగాడు. మర గుర్రుమంటూ మొదలైంది.

కరెంటొచ్చేసింది.

గోడ పట్టుకున్నాడు. ఇంకో వీధి ఉంది. ఏడుపు వినిపిస్తుందేమోనని చెవులు మూసుకోవాలనిపించింది, కానీ మూసుకోకుండానే పరుగెత్తాడు.

వరండాకి ఇనుప గ్రిల్లు, లోపల తాళం. అమ్మాయి లోపలే ఉంది. బల్లమీద దుప్పటి, దానిమీద తెల్ల యూనిఫారం. పెట్టె పిడి పట్టుకుని అడుగుభాగం పైకి తిప్పింది.

"వచ్చావా మావయ్యా? ఇది వేడెక్కట్లేదు" అని నవ్వి, చూపుడువేలు నోట్లో పెట్టుకుని తడిచేసుకుంది.

"ముట్టుకోకు."

"నువ్వే కదా చూడమన్నావ్."

"వద్దమ్మా, వద్దంటుంటే."

ఆటపట్టిస్తున్నాడనుకుంది. వేలు దించుతోంది. గ్రిల్లు ఊపాడు, ఊడలేదు. మేడమీద ఇద్దరు ఆడవాళ్లు తొంగిచూశారు. ఇద్దరి జాకెట్లూ తను కుట్టినవే.

"నాకు ఎరుపూ ఆకుపచ్చా తెలీదు" అన్నాడు. గొంతు ఎవరిదో అనిపించింది. "పుట్టినప్పట్నించీ తెలీదు. తీగలు మార్చేసినట్టున్నా. దాని ఒంట్లో కరెంటుంది తల్లీ."

వేలు అక్కడే ఆగింది. ఇనుముకి గోరంత ఎడంలో.

"పిడే పట్టుకో. రెండో చేత్తో గోడమీద స్విచ్చి ఆపు. ప్లగ్గు పీకు. ఇప్పుడు కింద పెట్టు."

ఒక్కొక్కటే చేసింది. పెట్టె కింద పెట్టి, గోడకానుకుని కూర్చుండిపోయింది. మావయ్య గ్రిల్లు అవతల మెట్టుమీద కూలబడ్డాడు.

"మరి నువ్వు కుట్టిన నా యూనిఫారం అంచు నీలమే కదా?" అంది అమ్మాయి.

"నీలం తెలుసు."

తాత ఆ సాయంత్రమే పెట్టెకి టెస్టరు పెట్టాడు. ఇనుముకి తాకించగానే దాంట్లో దీపం వెలిగింది. తాత తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది మావయ్యకి.

"ఇంక నేను తీగల జోలికి రాను తాతా."

"రాకపోతే మాసికలేసుకుంటూ కూర్చుంటావా? రంగు చూడకు. ప్లగ్గు పీకేసి, బ్యాటరీకి ఈ చిన్న బల్బు కట్టి, తీగని ఈ కొన నుంచి ఆ కొనకి చూడు. ప్లగ్గు లావు కాలితో బల్బు వెలిగితే అదే ఆకుపచ్చ తీగ. గుడ్డివాడికైతే బల్బు బదులు గంట కడతా. నాకు ముందే చెప్పి చావొచ్చుగా."

ఇప్పుడు మావయ్య అలాగే చేస్తున్నాడు. మేడమీద ఆడవాళ్లలో ఒకామె గుడ్డ తేవడం మానేసింది. రెండో ఆమె మాత్రం దారం తనే కొని తెస్తోంది. ఆదివారం బల్లమీద వైరు పెట్టుకుంటే ఆ తడివేలు కళ్లముందుకొస్తుంది. ఒక్కో తీగా మూడుసార్లు చూస్తాడు. నాలుగోసారి, ఇప్పుడు తనతోపాటే గదికి వస్తున్న భార్యని పిలిచి, "ఇది ఏ రంగే?" అని అందరిముందూ అడుగుతాడు.