రెండోసారి పోయిన కరెంటు

మొన్న మధ్యాహ్నం ఆఫీసులో కరెంటు పోయింది. పైన ఫ్యాన్ నెమ్మదించి, కిర్రుమని ఆగింది. మూలనున్న యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. మావాళ్లంతా విసుక్కుంటూ కుర్చీలు వెనక్కి జరిపారు. నేను మాత్రం చేతిలో పని ఆపి, ఆ అరుపు వింటూ కూర్చున్నాను. అది వింటే అందరికీ తలనొప్పి వస్తుంది, నాకు షమీమ్ మేడమ్ గుర్తొస్తారు. ఇన్నేళ్లయినా సరే, ఆ చప్పుడు చెవిన పడితే ఛాతీ కాస్త పొంగుతుంది. ఎందుకో తెలియాలంటే ఆవిడ గురించి చెప్పాలి. ఆవిడ గురించి చెప్పాలంటే మా ఏలూరు కరెంటు గురించి కూడా చెప్పక తప్పదు.

మేడమ్‌ది ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీలు నేసే కుటుంబం. కింద మగ్గాలు, పైన రెండు గదుల్లో ఆవిడ సాఫ్ట్‌వేర్ ఆఫీసు. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, కొన్నాళ్లు కాలేజీలో పాఠాలు చెప్పి, చెప్పిన పాఠమే ఏటా చెప్పడం తన వల్ల కాదని మానేశారు. కొల్లేరు చుట్టుపక్కల చేపల షెడ్లకూ ఐసు ఫ్యాక్టరీలకూ ప్రోగ్రాములు రాసి ఇచ్చేవారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చే కొత్త ఉద్యోగిని. డిగ్రీ అయితే ఉంది గానీ దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియదు. ఆవిడ నాకంటే బాగా పెద్దవారు, అయినా నన్ను మీరు అనే పిలిచేవారు. నన్నే కాదు, టీ తెచ్చేవాళ్లనూ, మొరాయించిన కంప్యూటర్నీ కూడా అంతే. తెర బిగుసుకుపోతే కుర్చీ ముందుకు లాక్కుని, "ఏవండీ, పొద్దున్నే ఎందుకలిగారు?" అని దాన్ని అడిగేవారు. నవ్వాపుకోలేక నేను వరండాలోకి వెళ్లిపోయేవాణ్ణి.

మేము వాడే డేటాబేస్ ఉచితంగా దొరికేది. దాని లోపలి కోడ్ ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. దేశదేశాల ప్రోగ్రామర్లు మెయిళ్లలో వాదించుకుంటూ దాన్ని తయారుచేస్తుంటారు. ఊరికే వచ్చేదాన్ని ఎలా నమ్మాలని నాకు లోపల్లోపల అనుమానం ఉండేది. ఒకరోజు అదే అడిగేశాను. ఆవిడ నన్ను కిందికి తీసుకెళ్లి, నేసి పక్కన పెట్టిన తివాచీ ఒకటి తిరగేశారు. పైన లతలూ పువ్వులూ, వెనక వరసలు వరసలుగా ముడులు.

"తెలిసినవాళ్లు తివాచీ కొనేటప్పుడు ముందు వెనక వైపు చూస్తారండి. కంపెనీవాళ్లు అమ్మే డేటాబేస్ నేలకి అతికించేసిన తివాచీ అనుకోండి. పైన బాగానే ఉంటుంది, కింద ఏముందో మనకి చూపించరు. దీన్ని తిరగేసి చూసుకోవచ్చు. మరి మీరెప్పుడైనా చూశారా?"

చూడలేదన్నాను. ఆ వారమంతా నాచేత అదే పని చేయించారు. వేల వరసల కోడ్ చదివితే నాకు అర్థమైంది అణా వంతు కూడా లేదు. అయినా తిరగేసి చూడవచ్చన్న సంగతి మాత్రం బుర్రలోకి ఎక్కింది.

మా ప్రోగ్రాములు వాడేవాళ్లలో పెద్దవారు సుబ్బరాజు గారు. కొల్లేటి ఒడ్డున ఆయనకు చేపల ప్యాకింగ్ షెడ్డు ఉండేది. చెరువుల నుంచి వచ్చిన చేపలు అక్కడ తూకమై, ఐసు పరిచిన పెట్టెల్లో సర్దుకుని, కలకత్తా లారీలెక్కేవి. ఏ లారీలో ఎవరి చేపలున్నాయో మా ప్రోగ్రాములో ఎక్కించేవారు. ఒకరోజు ఆయన ఫోన్ చేసి రమ్మన్నారు. మేమిద్దరం వెళ్లేసరికి షెడ్డు ముందు లారీ ఒకటి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. కరిగిన ఐసు నీళ్లు మా చెప్పుల కిందుగా పారుతున్నాయి.

"ఈ లారీ నంబరు కొట్టి చూడండి బాబూ," అన్నారు రాజు గారు నాతో. కొట్టాను. అలాంటి లారీ లేదంది. "ఇప్పుడు నంబరు వద్దు, ఈరోజు ఎక్కినవన్నీ తెరవండి." తెరిచాను. ఆ లారీ పై వరసల్లోనే బుద్ధిగా కూర్చుని ఉంది.

"అదండీ సంగతి," అన్నారాయన మేడమ్ వైపు తిరిగి. "చేప చెరువులోనే ఉంది, వలేస్తే పడట్లేదు. ఇలాగైతే డ్రైవర్లు ఆగరండి, ఐసు అసలే ఆగదు. పట్టుబడుల సీజను ముంచుకొస్తంది. ఈలోగా బాగైతే సరే. లేదంటే హైదరాబాదు నుంచి వేరే కంపెనీవాళ్లని పిలిపిస్తాను. మరోలా అనుకోకండేం."

అనుకోవడానికేముంది, ఆయన ఇబ్బంది ఆయనది. కానీ చుట్టుపక్కల షెడ్లవాళ్లంతా రాజు గారు ఏది వాడితే అదే వాడేవారు. ఆయన మమ్మల్ని తీసేస్తే మిగతావాళ్లూ తీసేస్తారు, ఆఫీసు మూసుకోవాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మాట నేనే పైకి అన్నాను. మేడమ్ కిటికీలోంచి కొంగల్ని చూస్తూ, "వల చిరిగిందండి. ఎక్కడ చిరిగిందో పట్టుకుంటే సరిపోతుంది," అన్నారు.

డేటాబేస్‌లో ఆ వలని ఇండెక్సు అంటారు. వేల వరసల్లోంచి కావలసినదాన్ని రెప్పపాటులో పట్టి ఇచ్చేది అదే. మేము దాన్ని కొత్తగా కట్టినప్పుడల్లా కొన్నాళ్లు బాగుండేది, కరెంటు పోయిన ఏదో ఒక రోజున మళ్లీ చిరిగేది. షెడ్డులోనూ ఒక యూపీఎస్ ఉంది గానీ, కొల్లేటి తేమకి దాని బ్యాటరీ ఏనాడో చల్లబడింది. ఆ డేటాబేస్ తయారుచేసేవాళ్ల మెయిలింగ్ లిస్టుకి నన్ను రాయమన్నారు మేడమ్. పొలం తగాదా అర్జీలాగా పేజీలకు పేజీలు రాసి పంపాను. మర్నాడు జవాబొచ్చింది. రాసినాయన ఆ లిస్టులో పెద్ద తలకాయ, ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. "తప్పు డేటాబేస్‌ది కాదు, మీ డిస్కు రాయకుండానే రాశానని అబద్ధం చెబుతోంది. మంచి డిస్కు కొనుక్కోండి." అంతే, రెండు వాక్యాలు. ప్రపంచమంతా చదివే చోట ఆ జవాబు చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

మేడమ్ మాత్రం సరదా పడ్డారు. "వియ్యంకుడు గారిలా ఉన్నారండి ఈయన. ఏర్పాట్లకి వంకపెట్టారంటే పెళ్లికి వచ్చారనేగా," అన్నారు. అప్పటి నుంచి మా ఆఫీసులో ఆయన పేరు వియ్యంకుడు గారే. ఆయన చెప్పినట్టే డిస్కు మార్చాం, మిషనూ మార్చాం. వల చిరుగుతూనే ఉంది. ఆ సంగతి రాస్తే, తను ఎంత ప్రయత్నించినా తన దగ్గర ఆ తప్పు రావడం లేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. కరెంటు పోని దేశంలో కూర్చుని కబుర్లు చెప్పడం తేలికేనని ఘాటుగా ఒక మెయిల్ తయారుచేశాను. మేడమ్ అది పంపనివ్వలేదు, కోప్పడనూ లేదు.

"మీరు రాసింది నిజమేనండి సురేశ్ గారూ. వాళ్ల దగ్గర కరెంటు పోదు, అందుకే వాళ్లకి కనపడట్లేదు. మన దగ్గర పోతుంది. అంటే వాళ్లకి లేని ప్రయోగశాల మనకుందన్నమాట. దాన్ని వాడుకోవాలి గానీ సిగ్గుపడితే ఎలాగండి?"

నేను అంతవరకూ కరెంటు కోతని మా దరిద్రం కిందే లెక్కేసుకున్నాను. ఆవిడ దాన్ని మా ఆస్తిలో కలిపేశారు.

పాత మిషనొకటి బల్ల మీద పెట్టి, లారీల వివరాలు ఎక్కిస్తూ ఎక్కిస్తూ మధ్యలో ప్లగ్గు పీకడం మొదలుపెట్టాం. పీకి, మళ్లీ పెట్టి, వెతికి చూసేవాళ్లం. ప్రతిసారీ నిక్షేపంలా దొరికేది. సీజను దగ్గరపడుతోంది. రాజు గారు హైదరాబాదుకి ఫోన్ చేశారని కూడా తెలిసింది. నాకు పాసింజరు బండిలో కిటికీ పక్కన చోటు దొరికినా బయటికి చూడబుద్ధి కాలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం, మేము టీ తాగుతుండగా కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. కింద నుంచి మేడమ్ వాళ్ల అమ్మగారి గొంతు వినిపించింది. పక్క వాటాలో అద్దెకున్నవాళ్లతో అంటున్నారు: "ఫ్రిజ్జు అప్పుడే వెయ్యకండమ్మా, మళ్లీ పోద్ది." ఏలూరులో ఏ ఇంట్లోనైనా వినిపించే మాటే అది. ఆవిడ అన్నట్టే ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి మళ్లీ ఆగిపోయింది. మేడమ్ కప్పు నోటి దాకా తెచ్చి ఆగిపోయారు.

"షెడ్డులో కరెంటు రాగానే కంప్యూటరు ఎవరేస్తారండి?"

"గుమాస్తా గారు. లారీలు నిలబడిపోతాయని వెంటనే వేసేస్తారు మేడమ్."

"వెంటనే వేస్తారు, అది లేస్తుండగానే మళ్లీ పోతుంది. మనం ఒక్కసారే పీకుతున్నాం కదండీ," అని ఆవిడ కప్పు కింద పెట్టేశారు.

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. కరెంటు పోయి వచ్చాక ఈ డేటాబేస్ లేచి, చేసే ప్రతి పనీ ముందుగా రాసిపెట్టుకునే తన చిట్టా చదువుకుని, సగంలో ఆగిన పనులు పూర్తిచేసుకుంటుంది. మేము ప్లగ్గు పీకి, పెట్టి, దాన్ని ప్రశాంతంగా లేవనిస్తున్నాం. అది లేస్తుండగా మళ్లీ పీకాలన్న ఆలోచన మాకే కాదు, ఆ లిస్టులో ఎవరికీ రాలేదు. కరెంటు వచ్చాక ఈసారి ప్లగ్గు పీకి, పెట్టి, అది చిట్టా చదువుతుండగా మళ్లీ పీకాం. ఒకసారి కుదరలేదు, ఇంకోసారి కుదరలేదు. సాయంత్రం అవుతుండగా వెతికిన లారీ లేదంది, మొత్తం తెరిస్తే ఉంది. తప్పు కనపడినందుకు అంత సంతోషించింది నా జన్మలో అదొక్కసారే. మేడమ్ మిషను వైపు వంగి, "దొరికారండీ మీరు," అన్నారు.

తరవాత తివాచీ తిరగేశాం. నాకు అణా వంతు కూడా అర్థంకాని ఆ కోడే మళ్లీ చదివాను, పక్కన ఆవిడ కూర్చున్నారు. డేటాబేస్ లేస్తున్నప్పుడు, ఇక్కడిదాకా చదివేశానని చిట్టాలో గుర్తు ముందుకు జరుపుకుంటోంది. సగంలో ఉన్న పనుల సంగతి మాత్రం ఎక్కడా రాసుకోకుండా మనసులోనే పెట్టుకుంటోంది. రెండోసారి కరెంటు పోతే గుర్తు మిగిలి, మనసులోది పోతోంది. ముడి అక్కడ ఊడింది. నేను మళ్లీ పెద్ద మెయిల్ రాయబోతే మేడమ్ ఒక్కొక్క పేరా కొట్టేశారు. "మన కష్టాలు ఆయనకెందుకండి? ఆయన చేసి చూసుకునేది ఉంచండి, చాలు." చివరికి ఆ తప్పు చేసి చూపించే చిన్న ప్రోగ్రామూ, నాలుగు వాక్యాలూ మిగిలాయి. కింద మా ఇద్దరి పేర్లూ పెట్టి, ఏలూరు అని ఆవిడే చేర్చారు.

వియ్యంకుడు గారి జవాబు ఈసారి మర్నాటి దాకా ఆగలేదు. "నా దగ్గరా వచ్చింది. నేను పొరపాటుపడ్డాను. ఇది మొదటి నుంచీ అక్కడే ఉంది, మాకెవరికీ కనపడలేదు. ఇంతకీ ఏలూరు ఎక్కడుంది?" అని రాశాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మేడమ్ నవ్వి, "ఊరు అడిగారంటే సంబంధం కుదిరినట్టేనండి," అన్నారు.

దిద్దే పని వాళ్లే చేస్తారులెమ్మని నేను ఊపిరి పీల్చుకున్నాను గానీ ఆవిడ ఊరుకోలేదు. ఊడిన ముడి ఎవరికి కనపడితే వాళ్లే కట్టాలని తివాచీలు నేసే తమ వాళ్లంటారని చెప్పి, ఆ దిద్దుబాటు నాచేతే రాయించారు. వియ్యంకుడు గారు పప్పులో ఉప్పు చూశాడు, పులుసులో పులుపు చూశాడు, పంపిన ప్రతిసారీ ఏదో ఒక వంకతో తిప్పి పంపాడు. మధ్యలో ఇంకెవరో, వెంటవెంటనే రెండుసార్లు కరెంటు ఎవరికి పోతుంది, దీనికింత హడావుడి అవసరమా అని అడ్డం పడ్డాడు. మేము ఏం రాయాలా అని చూసుకుంటుండగానే వియ్యంకుడు గారు జవాబిచ్చాడు: "ఏలూరులో పోతుంది." ఆ మాట అచ్చు తీసి మేడమ్ గోడకి అంటించారు. ఆ వారంలోనే మా దిద్దుబాటు అసలు కోడ్‌లో కలిసింది.

సీజను మొదటి లారీలు రాకముందే కొత్త ప్రతి తీసుకుని షెడ్డుకి వెళ్లాం. రాజు గారు మా మాట వినలేదు, నేరుగా మెయిన్ స్విచ్చు దగ్గరికెళ్లారు. గుమాస్తా గారు లారీ వివరాలు ఎక్కిస్తుండగా స్విచ్చు దించారు, ఎత్తారు, మిషను లేస్తుండగా మళ్లీ దించారు. షెడ్డులో కూలీలంతా తూకాలు ఆపి చూస్తున్నారు. ఎన్నిసార్లు దించాలో అన్నిసార్లూ దించి, ఆయనే వచ్చి ఒక్క వేలితో లారీ నంబరు కొట్టారు. రెప్పపాటులో వచ్చి తెర మీద నిలబడింది.

"పడిందండోయ్," అన్నారు రాజు గారు, షెడ్డంతా వినపడేలా. కూలీలు ఈలలేశారు. హైదరాబాదువాళ్లకి రావద్దని అక్కడి నుంచే ఫోన్ చేయించి, మేడమ్ వద్దంటున్నా వినకుండా పెద్ద బొచ్చె చేపని ఐసులో పెట్టించి ఇచ్చారు. అది ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తుంటే చీరంతా తడిసినా ఆవిడ పట్టించుకోలేదు. ఏలూరు వచ్చేదాకా ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉన్నారు.

మేము రాసిన ఆ చిన్న ప్రోగ్రామునీ వియ్యంకుడు గారు వదిలిపెట్టలేదు. ఆ డేటాబేస్ కొత్త ప్రతి తయారైనప్పుడల్లా నడిచే పరీక్షల్లో దాన్నీ చేర్చి, ఏలూరు అని పేరు పెట్టాడు. మేడమ్ పోయి కొన్నేళ్లయింది. ఆఫీసు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. తెలియకుండానే నా దగ్గర పనిచేసేవాళ్లందరినీ మీరు అంటుంటాను, ఎవరూ లేనప్పుడు కంప్యూటర్నీ అంటాను. ఏ మూల ఎవరు ఆ డేటాబేస్ కొత్త ప్రతి తయారుచేసినా, కరెంటు పోని దేశాల్లో సైతం, మా ఏలూరు కరెంటు ఒకసారి పోయి, వచ్చి, మళ్లీ పోతుంది. పోయినా ఏమీ పోలేదని తేలితేనే ఆ ప్రతి బయటికి వస్తుంది.

మొన్న కూడా, యూపీఎస్ అరిచి అరిచి ఆగిపోయిన కాసేపటికి ఫ్యాన్ తిరిగింది. కొత్తగా చేరిన లావణ్య గారు సర్వర్ స్విచ్చు వైపు చెయ్యి చాపారు. "ఆగండి, మళ్లీ పోతుంది," అన్నాను. ఆవిడ నవ్వబోయేలోపే పోయింది. అందరూ నా వైపు అదోలా చూశారు. రెండోసారి కరెంటు వచ్చి నిలదొక్కుకున్నాక, డేటాబేస్ కొత్త ప్రతి మీద నడుస్తూ మధ్యలో ఆగిపోయిన పరీక్షలు మళ్లీ మొదలుపెట్టాను. తెర మీద ఒక్కొక్క పేరూ దిగుతూ వచ్చి, ఏలూరు దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్కన 'సరే' అని పడింది.

"పడిందండీ మేడమ్," అన్నాను పైకే.