ఎస్తేరు టీచరమ్మ వరండా

నిన్న మా గదికి ఇంటర్నెట్ లైను పెట్టడానికి ఒకతను వచ్చాడు. కరీంనగర్‌లో ఆసుపత్రికి దగ్గరగా నేనూ, నాతో పనిచేసే మరో నర్సూ కలిసి ఉంటున్న గది అది. అతను డ్రిల్లు మెషిన్‌ను గోడకు ఆనించి నొక్కగానే ఇటుక పొడి సన్నగా రాలింది. వేడెక్కిన ఇటుక వాసన గదంతా కమ్ముకుంది. నా స్నేహితురాలు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడ్డాను. ఇంకో ఊళ్లో ఇంకో గోడకు ఇలాగే రంధ్రం పడుతుంటే వాడంతా చుట్టూ చేరి చూసిన ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆ గోడ ఎస్తేరు టీచరమ్మ ఇంటిది. ఆమె ఇప్పుడు లేరు.

మాది కాగజ్‌నగర్, రైలు పట్టాలకు అవతలున్న కూలీల వాడ. కాగితం మిల్లు మూతపడినప్పుడు నేను చిన్నపిల్లను. ఆ తర్వాత వాడలో మగవాళ్లు ఒక్కొక్కరే గల్ఫ్ దారి పట్టారు. మా బాపు దుబాయి వెళ్లాడు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలవడం మా వైపు అలవాటు. మిల్లు మళ్లీ తెరిచేనాటికి చాలామంది రాలేనంత దూరం వెళ్లిపోయారు. అప్పట్లో మా వాడలో ఫోను ఉన్నా లేనట్టే. ఇళ్ల మధ్య సిగ్నల్ అందేది కాదు. బాపుతో మాట్లాడాలంటే అవ్వ పని మానుకుని పట్టాల కట్ట మీదికి నడవాలి. అక్కడ గాలికి మాట సగమే వినిపించేది. ఇంటికొచ్చాక మిగతా సగం ఏమై ఉంటుందోనని అవ్వ రోజంతా ఆలోచించేది.

ఎస్తేరు టీచరమ్మ ఇల్లు వాడకు చివర ఉండేది. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పిల్లలు లేరు, భర్త చనిపోయాడు. పొడవుగా, ఎముకల గూడులా ఉండేవారు. మాట కటువు. వాడలో నడివయసు వాళ్లు కూడా ఆమె ఎదురొస్తే బీడీ వెనక్కి దాచేవాళ్లు, ఎందుకంటే వాళ్లందరికీ అక్షరాలు దిద్దించింది ఆమే. నాకు ఆమె అంటే భయమే తప్ప చనువు లేదు, ఆ సంఘటన జరిగేదాకా.

కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోన్‌లోకి వచ్చాయి. వాడలో చదువుకునే పిల్లలమంతా పుస్తకాలు పట్టుకుని పట్టాల కట్ట మీద కూర్చునేవాళ్లం. రైళ్లు ఎలాగూ నడవడం లేదు కదా అనుకునేవాళ్లం. గూడ్సు బండ్లు నడుస్తున్నాయన్న సంగతి మాకు పట్టలేదు. ఒకరోజు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సిగ్నల్ ఇంకాస్త బాగా వస్తుందని పట్టాల పక్కకు జరిగాను. ఎవరో నా జడ పట్టుకుని వెనక్కి గుంజారు. కంకర మీద వెల్లకిలా పడ్డాను. అప్పుడు చూశాను, బండి మా పక్కనుంచే పోతోంది. బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, ఎంతసేపటికీ ఆగకుండా.

బండి దాటిపోయాక టీచరమ్మ నా చెంప మీద కొట్టారు. తర్వాత కంకర మీదే చతికిలబడ్డారు. ఆమె చేతిలోని సంచి జారిపోయి టమాటాలు కట్ట కిందికి దొర్లుతున్నాయి. ఆమె వాటిని చూడలేదు.

“వినవడలేదా నీకు?” అన్నారు.

“పాఠం వింటున్న టీచరమ్మా.”

ఆమె నా చెయ్యి పట్టుకుని లేచారు. మా ఇంటి దాకా ఆ చెయ్యి వదల్లేదు.

మరుసటి రోజు గంజి పెట్టిన చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఊళ్లో ఇంటర్నెట్ లైన్లు ఇచ్చే కేబుల్ ఆఫీసుకు బయల్దేరారు. అక్కడున్నతను మర్యాదగానే మాట్లాడాడు గానీ, మొహం మాత్రం తిప్పుకున్నాడు.

“మీ వాడకు వైరు గుంజితె మాకేం గిట్టది టీచరమ్మా. అక్కడ ఎవలు పెట్టిచ్చుకుంటరు?”

“నేను పెట్టిచ్చుకుంట.”

“ఒక్క ఇంటి కోసం పట్టాలు దాటిచ్చుడెట్ల?”

“ఒక్క ఇల్లెందుకైతది? వాడంత నా వరండాల కూసుంటది.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆరోజు పని కాలేదు. ఆమె మళ్లీ వెళ్లారు, ఆ తర్వాత మళ్లీ వెళ్లారు. వెళ్లి కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. అరిచేవారు కాదు, బతిమాలేవారు కాదు. చివరికి ఒకరోజు అతనే విసుగుతోనో గౌరవంతోనో వైరు చుట్ట బండి మీద పెట్టుకుని వచ్చాడు. ఆ మధ్యాహ్నమే ఆమె వరండా గోడకు రంధ్రం పడింది.

పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారని అతను అడిగితే, వద్దన్నారు టీచరమ్మ. దారిన పోయేవాళ్లు కూడా వాడుకుంటారని అతను హెచ్చరించాడు. “వాడుకోనీ” అన్నారు. అతను వెళ్లాక నేను అడిగితే నాకు వివరంగా చెప్పారు. “పాస్‌వర్డ్ పెడితె వచ్చి అడగాలె బిడ్డా. అడుగుడంటె కొందరికి పానం మీదికొచ్చినట్టుంటది. గసుంటోళ్లకే ఎక్కువ అవసరముంటది.”

ఆ వరండా ఎలా ఉండేదో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. పొద్దున పిల్లలం గోడ వెంట వరసగా కూర్చుని పాఠాలు వినేవాళ్లం. తలా ఒక ఫోను, తలా ఒక సారు గొంతు. మధ్యాహ్నం గల్ఫ్ ఇళ్ల ఆడవాళ్లు వచ్చేవాళ్లు. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చేవాళ్లు. కొత్తగా పెళ్లయినవాళ్లు సిగ్గుపడుతుంటే టీచరమ్మ వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ గట్టిగా చప్పుడు చేస్తూ కడిగేవారు, వాళ్ల మాటలు తన చెవిన పడడం లేదని వాళ్లకు తెలియాలని. ఆమెకు మాత్రం చిన్న బటన్ల ఫోనే ఉండేది. ఎవరైనా తమ ఫోన్‌లో ఏదైనా చూపించబోతే కళ్లద్దాలు సర్దుకుని చూసి, “మంచిగుంది” అని తిరిగి ఇచ్చేసేవారు.

ఇదంతా ఎందుకు చేస్తున్నారని ఒకసారి అడిగాను. చిక్కుడుకాయలు వలుస్తూ, తల ఎత్తకుండా చెప్పారు. భర్త దేవదానం కూడా మిల్లులోనే పనిచేసేవాడట. మిల్లు మూతపడ్డాక మస్కట్ వెళ్లాడట. “పనికాడ పడిపోయిండట. ఆస్పత్రిల ఉన్నడని ఫోన్ చేసిండ్రట, నా ఫోన్ కలువలే. పట్టాలకాడికి పోయినప్పుడు కలిసింది. అప్పటికే ఆడనే మట్టి చేసిండ్రు.” చేతిలోని కాయ వలవడం పూర్తిచేసి, ఇంకోటి తీసుకున్నారు. “ఆయన ముఖం ఎట్లుండెనో నాకు తెల్వదు బిడ్డా. ఆఖర్న.”

ఆ వానాకాలంలోనే మా బాపుకు జ్వరం వచ్చింది. దుబాయిలో వాళ్ల క్యాంపులో చాలామందికి వచ్చింది. బాపు గదిలోనే ఉండే అతను వరండాలో కూర్చున్న ఒకామె ఫోన్‌కు చేసి, ఆసుపత్రికి తీసుకుపోతున్నారని, ఒకసారి మాట్లాడమని అన్నాడు. అవ్వా నేనూ వరండాకు పరుగెత్తాం. బాపు ముఖం తెర మీద కనిపించి, ఆగిపోయి, ముక్కలయ్యేది. అవ్వ ఆ ముక్కలనే చేత్తో తడుముతూ ఏడుస్తోంది. టీచరమ్మ లేచి వాకిట్లోకి వెళ్లారు.

“అందరు ఫోన్లు బంద్ చేయుండ్రి. గీ పిల్ల తండ్రి మాట్లాడుతుండు.”

ఆ నెట్ అందే పక్కిళ్లకు కూడా ఆ మాట ఇల్లిల్లూ దాటుకుంటూ పోయింది. వాడంతా ఫోన్లు ఆపేసింది. పాఠం మధ్యలో ఉన్న పిల్లలూ, మొగుళ్లతో మాట్లాడుతున్న ఆడవాళ్లూ ఆపేసి, వాన తుంపరలో గోడ అవతల నిలబడ్డారు. బాపు ముఖం కుదురుకుంది. గడ్డం పెరిగి ఉంది. మాట్లాడితే ఆయాసం వస్తోంది.

“వాన పడుతుందా అక్కడ?” అని అడిగాడు.

అవ్వ ఫోను వాకిలి వైపు తిప్పి పట్టుకుంది. బాపు వానను చూశాడు. చూరు నుంచి కారుతున్న నీళ్లను చూశాడు.

“మంచిగ పడుతుంది” అన్నాడు.

అదే బాపు ఆఖరి మాట. తర్వాత కొద్ది రోజులకు కబురు వచ్చింది. శవం రాలేదు. కరోనాతో పోయినవాళ్లవి ఆ రోజుల్లో ఎవరివీ రాలేదు. ఏడ్చి ఏడ్చి అలసిపోయాక అవ్వ అనేది, “ముఖమైతె చూసిన.” ఆ మాట అన్నప్పుడల్లా టీచరమ్మ అవ్వ వీపు మీద చెయ్యి వేసి, గోడ వైపు చూసేవారు.

ఆ తర్వాత ఏడాదికి వచ్చిన ఆపదకు మూలం పాస్‌వర్డ్ లేని ఆ లైనే. ఊళ్లో దుకాణం నడుపుకునే ఒకాయన మీద ఎవరో అబద్ధపు వీడియో పెట్టారు. ఆయన దుకాణానికి జనం రావడం మానేశారు. ఆయన కేసు పెడితే, ఆ వీడియో టీచరమ్మ పేరు మీదున్న లైను నుంచి వెళ్లిందని తేలింది. పోలీసులు ఆమెను పిలిపించారు. వాడలో ఎవరూ వెంట వెళ్లలేదు, మా అవ్వ తప్ప. నేనూ అవ్వతోపాటు వెళ్లాను. ఎస్సై మంచిగానే మాట్లాడాడు.

“ఎవలో చెప్పుండ్రి టీచరమ్మా. మీరు ఇంటికి పోవచ్చు.”

“నాకెట్ల తెలుస్తది సార్? ఆడ కూసునేటోళ్లందరు నా దగ్గర చదువుకున్నోళ్లే. ఎవల పేరని చెప్పాలె?”

అవ్వ మధ్యలో లేచి, “నా మొగని ముఖం గీమె ఇంట్లనే చూసిన సార్” అంది. దానికీ కేసుకూ సంబంధం లేదు. కానీ అవ్వకు చెప్పడానికి అంతకన్నా వేరే మాట దొరకలేదు. సాయంత్రానికి పంపించేశారు. ఆ పని చేసిందెవరో టీచరమ్మకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బయటికొచ్చాక ఆ దుకాణాయన ఇంటికి వెళ్లి, గడపలో నిలబడి, “నా ఇంట్లకెల్లి మీకు నష్టమైంది, తప్పైంది” అని చెప్పి వచ్చారు.

కేబుల్ అతను లైను తీసేశాడు. అతన్ని తప్పుపట్టలేం. వాడలో వాళ్లు తమను ఎక్కడ సాక్ష్యానికి పిలుస్తారోనని ఆమె ఇంటి వైపు రావడం తగ్గించారు. కొన్నాళ్లకు దగ్గర్లో టవరు వేశారు. ఇళ్లలోకే సిగ్నల్ వచ్చింది. ఇక ఎవరికీ వరండా అవసరం లేకపోయింది. ఆ వరండాలో ఆమె ఒక్కరే కూర్చునేవారు. పిల్లలు ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ ముందునుంచే నడిచిపోయేవాళ్లు. కొందరు తల దించుకునేవాళ్లు. ఆమె మాత్రం పేరుపెట్టి పలకరించేవారు.

నర్సింగ్ చదువుతుండగా ఒక సెలవులో వెళ్లాను. ఆమె కాళ్లు వాచిపోయాయి, గుండె నీరసించింది. మా వాడ రాజేశమన్న మస్కట్‌లో ఉంటున్నాడని మాటల్లో చెప్పాను. ఆమె మొదటిసారి నన్ను ఒక సాయం అడిగారు. “ఆయనను పెట్టిన జాగ జర చూపిస్తడా?”

మరుసటి శుక్రవారం రాజేశమన్న శ్మశానానికి వెళ్లి వీడియో కాల్ చేశాడు. నా ఫోను ఆమె ముఖం ముందు పట్టుకున్నాను. ఎండలో తెల్లటి నేల, వరసలు వరసలుగా రాళ్లు. కొన్నింటి మీద పేర్లున్నాయి, కొన్నింటి మీద ఏమీ లేదు. రాజేశమన్న ఒక్కో రాయి చదువుకుంటూ నడిచాడు. దేవదానం పేరు ఎక్కడా కనిపించలేదు. అతని రొప్పు మాకు వినిపిస్తోంది. ఇంకో వరస చూస్తానన్నాడు.

“చాలు బిడ్డా” అన్నారు టీచరమ్మ. “ఎండల తిరుగుతున్నవు. ఇంటికి పో. గీడనే ఏడనో ఉన్నడు. చూసినట్టే.”

ఫోను పెట్టేశాక ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. పట్టాల దగ్గరనుంచి తీసుకొచ్చిన రోజు ఎంత గట్టిగా పట్టుకున్నారో, ఆరోజు అంత వదులుగా ఉంది ఆ పట్టు.

ఆ వానాకాలంలోనే పోయారు. చర్చి వెనక మట్టిచేసినప్పుడు వాడంతా వచ్చింది. ఏళ్లుగా ఆమె గడప తొక్కనివాళ్లు కూడా వచ్చి, పిడికెడు మట్టి వేసి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వెళ్లిపోయారు.

ఇప్పుడు నా వార్డులో దూరపు ఊళ్లవాళ్లు ఉంటారు. మొన్న జైనూర్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె, మంచం మీదున్న మొగుడిని దుబాయిలోని కొడుకుకు చూపించాలని ఫోను అటూ ఇటూ తిప్పుతోంది. నా ఫోన్ నుంచి ఆమెకు నెట్ కలిపాను. కొడుకు ముఖం కనిపించగానే ఆమె, “ఏమన్న ఇయ్యాల్నా బిడ్డా?” అని అడిగింది. వద్దని తల ఊపాను.

అలాంటి రోజు డ్యూటీ దిగాక అవ్వకు ఫోన్ చేస్తాను. జరిగింది చెబుతాను. టీచరమ్మ ఉంటే ఏమనేవారోనని ఇద్దరం కాసేపు మాట్లాడుకుంటాం. తర్వాత మాటలు అయిపోతాయి. అవ్వ ఫోను పెట్టదు. నేనూ పెట్టను.