మీగడ రంగు గీత

అరచేతిలో ఇమిడే రైలింజన్లకు రంగులు వేయడం ఆయన వృత్తి. వీధి వీధంతా ఆయన్ను బుల్లిరైలు బాబాయ్ అనేది. బొమ్మ ఇంజన్లు కూడబెట్టే సరదా ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఇత్తడి ఇంజన్లు పంపి, ఫలానా ఏడాదిలో అసలు ఇంజను ఏ రంగులో తిరిగిందో అచ్చం ఆ రంగే కావాలనేవారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ ఏడు మాత్రం ఒకటి వచ్చింది. నీలం మరీ కొట్టొచ్చినట్టుందని పెట్టెలో చీటీ.

ఆయన ముందు రంగుల కంపెనీని తిట్టాడు. తర్వాత ట్యూబులైటును తిట్టి కొత్తది బిగించాడు. రెండో ఇంజను కూడా తిరిగొచ్చినప్పుడు మాత్రం ఎవర్నీ తిట్టలేదు. అది చూసి భార్యకు భయం వేసింది. ఒక కాలికి నల్ల మేజోడు, రెండో కాలికి ముదురు నీలంది తొడుక్కుని ఆయన రెండుసార్లు బజారుకు వెళ్ళొచ్చాడని ఆమెకు తెలుసు. ముక్కు మీద కోపం ఉన్న మనిషని ఊరుకుంది. ఇక లాభం లేదని బతిమాలి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. కంటి లోపలి అద్దం పసుపెక్కిందనీ, అందుకే నీలాలూ తెలుపులూ తేడాగా ఆనుతున్నాయనీ, ఆపరేషన్ చేస్తే సరిపోతుందనీ చెప్పాడు డాక్టరు. ఆయన బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఒక్కసారి మాత్రం, "కత్తి పెట్టాక కన్ను తేడా చేస్తే నేనేం చేసుకు బతకాలి?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఊళ్ళోని పళ్ళ డాక్టరు ఒక ఇంజను తెచ్చాడు. వాళ్ళ నాన్న ఇరవై ఏళ్ళు నడిపిన ఇంజనుకు నమూనా. పెద్దాయనకు ఎనభై నిండే రోజుకు ఇవ్వాలట. అసలు ఇంజన్ని తుక్కుకు కొట్టేటప్పుడు పెద్దాయన ఏరి దాచుకున్న రంగు పెచ్చు, గోరంత ఆకుపచ్చది, దూదిలో చుట్టి ఇచ్చాడు. ఒళ్ళంతా ఆ ఆకుపచ్చ, దాని మీద మీగడ రంగు గీతలు. మూడు వారాల గడువు.

రంగు చూసి చెప్పడానికి ఎవర్నైనా పెట్టుకోమంది భార్య. బజారులో దారాల షాపులో పనిచేసే ఆవిడ ఆమె మనసులో ఉంది. గుడ్డ ముక్క చూపిస్తే చాలు, రెండు వందల పెట్టెల్లోంచి తడుముకోకుండా అదే రంగు దారపుకండె తీసి ఇస్తుంది.

"ముప్ఫై ఏళ్ళు ఒంటి చేత్తో చేశాను. ఇప్పుడు నా కళ్ళకు జీతమిచ్చి ఇంకోళ్ళని పెట్టుకోవాలా?" అన్నాడాయన.

నాలుగు రోజులు ససేమిరా అన్నాడు. ఐదో రోజు ఏడు రకాల ఆకుపచ్చలు కలిపి పెచ్చు పక్కన పెడితే ఏడూ ఒక్కలాగే కనిపించాయి. అన్నం ముందు కూర్చుని, తలెత్తకుండా, ఆ దారాలావిడకు మధ్యాహ్నాలు తీరిక ఉంటుందేమో అడగమన్నాడు.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. వచ్చీ రాగానే ఒక్క మాట చెప్పింది. "నాకు కనిపించింది కనిపించినట్టు చెబుతాను అన్నయ్యగారూ. మీకు నచ్చేట్టు చెప్పడం నా వల్ల కాదు."

మొదటి మధ్యాహ్నమే ఆకుపచ్చ కుదిరింది. ఇంకో చుక్క నలుపు, సూది మొనంత పసుపు అని చెప్పి, అట్టముక్క మీద పూసింది ఆరేదాకా ఆగి, అప్పుడు పెచ్చును దాని మీద పెట్టింది. పెచ్చు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఆయనకు సంతోషం కలగాల్సింది పోయి ఒళ్ళు మండింది. గీతల దగ్గర తన పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదని చెప్పేశాడు.

గీతలు ఒక్కడే గీశాడు, రోజుకో వైపు. ఇంజను అప్పగించడానికి ఇంకా ఒక్క రోజుందనగా ఆవిడ వచ్చి చూసింది.

"కుడివైపు మీగడ రంగు. ఎడమవైపు తెలుపు," అంది.

రెండూ ఒకే బుడ్డిలోంచి తీశానన్నాడు. కాదంది. ఇంకోసారి చూడమన్నాడు. చూసి, కాదనే అంది.

"దారాలు అమ్ముకునేవాళ్ళా నాకు గీతలు నేర్పేది?" అన్నాడాయన.

ఆవిడ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆయన ఒక అట్ట మీద తెలుపు, ఇంకో అట్ట మీద మీగడ రంగు పూసి, వెనకాల గుర్తులు పెట్టి, అట్టల్ని కలిపేసి భార్య ముందుంచాడు. ఏది ఏదో ఆమె టక్కున చూపించింది. ఐదుసార్లు కలిపితే ఐదుసార్లూ సరిగ్గా చెప్పింది. తర్వాత ఆమె కలిపింది, ఆయన చెప్పాడు. రెండు ఒప్పు, మూడు తప్పు.

మర్నాడు పొద్దున్నే దారాల షాపుకు వెళ్ళాడు. ముందు ముగ్గురున్నారు. వాళ్ళ వెనకాల నిలబడ్డాడు. తన వంతు వచ్చాక గొంతు తగ్గించి చెప్పాడు.

"నిన్న నోరు జారానమ్మా. అది తెలుపే. సాయంత్రం వాళ్ళు వస్తున్నారు. ఒక్కణ్ణి చేయలేను."

ఆవిడ చేతిలో ఉన్న లేసు కొలిచి కత్తిరించి, షాపు యజమానిని పూట సెలవడిగి వచ్చింది.

ఆకుపచ్చ ఆరి వారమైంది, తెలుపు నిన్నటిది. పుల్ల చివర దూది చుట్టి, థిన్నర్లో ముంచి, కింది రంగు కదలకుండా పై గీత మాత్రం తుడవాలి. చెయ్యి ఆయనది, చూపు ఆవిడది. దూదికి ఆకుపచ్చ అంటిన క్షణాన ఆపమనాలి. గంటన్నర సాగింది. ఇంజను తలుపు దగ్గరి మలుపులో ఆవిడ "ఆపండి" అంది. ఆయన చెయ్యి ఆగింది. దోమకాలంత మేర ఆకుపచ్చ కూడా పోయి ఇత్తడి మెరుస్తోంది. ఆవిడ భూతద్దం పెట్టి చూసి, అది గీత వెడల్పు లోపలే ఉంది, మీగడ రంగు కప్పేస్తుందంది. ఆ మాటను నమ్మడం తప్ప ఆయనకు దారి లేదు. నమ్మాడు.

మీగడ రంగు ఆవిడ కలిపింది. ఆయన గీతల పెన్నులో నింపుకుని, ఊపిరి బిగబట్టి గీయడం మొదలుపెట్టాడు. ఇంకో మూడు గీతలుండగానే తలుపు చప్పుడైంది. చెప్పిన వేళకు గంట ముందే వచ్చారు తండ్రీకొడుకులు. భార్యకు ఏం చేయాలో తోచలేదు. రెండేళ్ళుగా పళ్ళ డాక్టరంటే ఆమడ దూరం పారిపోతున్న మనిషి, ముందు గదిలో అతని ఎదుట కూర్చుని నోరు తెరిచి దవడ పన్ను చూపించింది. ఎప్పటినుంచి నొప్పి అని అతనడిగితే, పెళ్ళినాటి నుంచీ చెప్పుకొచ్చింది. ఆ కథ అయ్యేలోపు మూడు గీతలూ పడి, ఆరాయి.

పెద్దాయన ఇంజన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఈ మెట్టు మీద రంగుండేది కాదు. నా బూటు తగిలి తగిలి పోయింది," అన్నాడు చివరికి.

గీకేయమంటారా అని అడిగాడు బాబాయ్. పెద్దాయన వద్దన్నాడు. కొత్తగా తన చేతికిచ్చిన రోజు ఇలాగే ఉండేదట. అలా అంటూనే ముక్కు చీదుకున్నాడు.

రంగు అచ్చు దిగిందని కొడుకు పొగుడుతుంటే బాబాయ్ ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"రంగు కలిపింది ఈవిడ. నాకు శుక్లాలు. నేను గీతలు గీశానంతే," అన్నాడు.

నెల తిరక్కుండా ఒక కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. కట్టు విప్పాక ఇంటికొచ్చి, అలమరాలో తను ఈమధ్య వేసి దాచుకున్న ఇంజన్ల ముందు నిలబడ్డాడు. నీలాలు అరుస్తున్నాయి. గడిచిన రెండేళ్ళలో బయటికి వెళ్ళిన పదకొండింటి వాళ్ళకూ ఉత్తరాలు రాశాడు, తిరిగి పంపితే ఊరికే మళ్ళీ వేసిస్తానని. తొమ్మిది వచ్చాయి. ఇద్దరు తమకు అవే బాగున్నాయని రాశారు.

కన్ను బాగైందిగా, ఇక నేనెందుకు వదినా అని దారాలావిడ భార్యనడిగింది. ఆయన లోపలి గదిలోంచే జవాబిచ్చాడు.

"బాగైంది ఒక కన్నే. ఇంజన్లు తొమ్మిదున్నాయి. పొద్దున షాపుకెళ్ళు, మధ్యాహ్నం ఇక్కడికి రా."

ఆయన ఆవిణ్ణి నువ్వనడం అదే మొదలు. ఆవిడ, ఇక్కడ కూర్చునే ముక్కాలిపీట మీద నడుం పట్టేస్తోంది, వెనక ఆనుకునే కుర్చీ ఉంటే వస్తానంది.