అందరికీ ఒకే కీ

నిన్న కొత్త ల్యాప్‌టాప్‌లో ఏ సర్వర్‌కి ఏ కీ వాడాలో ఒక్కొక్కటే రాసుకుంటుంటే, అమెరికాలో, అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో మా టీమ్ లీడ్‌గా వెలిగిన మహానుభావుడు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. టీమ్‌లో ఆడవాళ్లందరం ఆయనకు చెల్లెమ్మలం, మగవాళ్లు తమ్ముళ్లు. చుట్టరికాలకేం తక్కువ లేదు, సిగ్గుకే! కొత్తగా ఎవరు చేరినా ముందు ఇంటికి పిలిచి గుత్తివంకాయ కూర పెట్టేవాడు, ఆ తరువాత తన ఎస్‌ఎస్‌హెచ్ కీని, అంటే సర్వర్‌కి తాళంచెవి లాంటి ఫైల్‌ని, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాడు. క్లయింట్ సర్వర్‌లోకి కోడ్ పంపాలంటే ఎవరి కీ వాళ్లకుండాలి. ఫలానా పని ఫలానావాళ్లు చేశారనడానికి అదే సాక్ష్యం. ఆయనేమో, "ఒక్కొక్కళ్లకీ యాక్సెస్ రిక్వెస్ట్ పెడుతూ కూర్చుంటే పనెప్పుడు చేస్తామమ్మా? మనం మనం ఒకటేగా!" అనేవాడు. కూర మాత్రం బాగుండేది, అబద్ధమెందుకు.

నేను మొండిదాన్ని. క్లయింట్ వాళ్లనే అడిగి, వాళ్ల సర్వర్‌కి విడిగా నా సొంత కీ పెట్టించుకున్నాను. ఆయన నెలరోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు.

ఒక సోమవారం ఆ సర్వర్‌లో మూడు వారాల కోడ్ ఎగిరిపోయింది. ఎవరు చేశారా అని లాగ్ తీస్తే, ఆయన అందరికీ పంచిన ఉమ్మడి కీ కనిపించింది. నాది వేరే కీ కనుక నా జోలికి ఎవరూ రాలేదు. ఆ ఉదయమే, నేను డ్రైవ్ చేస్తుండగా ఆయన ఫోన్ చేసి, "ఇంటినుంచి పాత కోడ్ మీద నాది ఫోర్స్ పుష్ కొట్టేశాను, చూస్కో" అన్నాడు. స్పీకర్‌లో పెట్టాను కనుక పక్క సీట్లో ఉన్న, టీమ్‌లో కొత్తగా చేరిన వరంగల్ అమ్మాయి కూడా వింది. మధ్యాహ్నం మీటింగ్‌లో దొంగసచ్చినోడు ఆ అమ్మాయినే చూపించి, "కొత్త కదా, తెలియక చేసింది" అన్నాడు.

ఆమె వీసా ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. కారిడార్‌లో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కార్‌ల ఇద్దరం విన్నం గదక్కా. నేను చెప్తే నమ్ముతలేరు. నువ్వు జర చెప్పవా?"

నా గ్రీన్‌కార్డ్ కాగితాలకు ఆయన ఉత్తరం కావాలి. "రేపు మాట్లాడతాలే" అన్నాను. మర్నాడు ఆమె బ్యాడ్జ్‌కి ఆఫీసు తలుపు తెరుచుకోలేదు. రెండు వారాల్లో పెట్టె సర్దుకుంది. ఎయిర్‌పోర్ట్‌లో నేనే దింపాను.  నాలుగు తిట్టినా బాగుండేది.

ఆరేళ్లయింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆయన మీద కోపం పలచబడుతోంది, నా మీద కోపం చిక్కబడుతోంది.