నర్సక్క మూడు లక్షలు

నేను సూరత్ వచ్చింది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో. కోరుట్ల దగ్గరి మా ఊరి నుంచి అప్పటికే పదిహేను మంది ఇక్కడి అమ్రోలీలో మగ్గాల మీద పనిచేస్తున్నారు. రైలు దిగిన రోజు సాయంత్రం వాళ్ళు నన్ను నేరుగా నర్సక్క మెస్సుకు తీసుకెళ్ళారు. రేకుల షెడ్డులో రెండు వరుసలుగా నేల మీద కూర్చుని అరవై మంది అన్నం తింటున్నారు. అందరి తలల మీదా దూది పీచు, అందరివీ అరుపులే. పన్నెండు గంటలు మగ్గాల మోతలో నిలబడ్డవాళ్ళు కార్ఖానా బయట కూడా నెమ్మదిగా మాట్లాడలేరని నాకు అప్పుడు తెలియదు. ఏదో గొడవ జరుగుతోందనుకుని భయపడ్డాను.

ఆ అరుపుల్లో నర్సక్క గొంతు మాత్రం వినిపించేది కాదు. గరిటె ఎత్తి కనుబొమ్మలు ఎగరేసేది. ఇంకొంచెం వేయనా అని దానర్థం. ఊళ్ళో తినే పచ్చిపులుసు, వంకాయ కూర, పల్లికాయ తొక్కు ఆ రేకుల కింద దొరికేవి. బయట హోటల్లో ఎక్కడ పప్పు తిన్నా తీపి తగిలేది. పద్దెనిమిదేళ్ళ వయసులో నేను ఇంటికి పారిపోకుండా ఉన్నానంటే ఆ పచ్చిపులుసు వల్లే.

ఆమె అసలు పేరు నర్సవ్వ. భర్త సాంబయ్య మగ్గం కార్మికుడు. ఒక్కడి జీతం చాలక ఆమె మొదట నలుగురికి వండింది. ఆ నలుగురు పదిమందయ్యారు, పదిమంది అరవై అయ్యారు. వంటతో పాటు ఇంకో పని కూడా ఆమె మీద పడింది. మా గదుల్లో పన్నెండేసి మందిమి ఉండేవాళ్ళం. పగటి షిఫ్టు వాళ్ళు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టు వాళ్ళు పడుకునేవాళ్ళు. అలాంటి చోట డబ్బు దాచుకోవడం కుదరదు. అందుకని ఊరికి పంపేదాకా జీతం నర్సక్క దగ్గర పెట్టేవాళ్ళం. ఆమెకు చదువు రాదు. కార్ఖానాలో పడేసే చీర ముక్కలు తెచ్చి, ఒక్కొక్కరికి ఒక్కో రంగు గుడ్డలో మూట కట్టేది. నాది లేత ఆకుపచ్చ. ఎవరి మూట ఏదో ఆమె ఎన్నడూ పొరబడలేదు.

రెండువేల ఆరు ఆగస్టులో తాపీ నది పొంగి ఊళ్ళోకి వచ్చినప్పుడు, మెస్సులో నడుముల దాకా నీళ్ళు నిలిచాయి. నర్సక్క, సాంబయ్య ఇద్దరు పిల్లల్నీ మా మూటల్నీ ఎత్తుకుని పక్క మేడ మీదికి ఎక్కారు. కొత్తగా కొన్న టీవీ, కుట్టు మిషను, బియ్యం బస్తాలు అన్నీ నీళ్ళలోనే పోయాయి. మూడో రోజు వాన తెరిపిచ్చాక ఆమె మేడ మీద తడిసిన నోట్లను పరిచి, గాలికి ఎగరకుండా పక్కనే కూర్చుని ఆరబెట్టడం నా కళ్ళతో చూశాను. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఎవరివి వాళ్ళకిచ్చింది.

తర్వాత నేను మగ్గం మానేసి ఒక బట్టల మార్కెట్‌లో గుమాస్తాగా చేరాను. పెళ్ళయింది, డిండోలీ వైపు ఇల్లు తీసుకున్నాను. సాంబయ్య తొమ్మిదేళ్ళ కిందట పోయాడు. మెస్సులో వరుసలు కూడా పలచబడుతూ వచ్చాయి. మన ఊళ్ళ నుంచి కుర్రాళ్ళు సూరత్ రావడం తగ్గిపోయింది. చివరికి పదకొండు మంది మిగిలారు. నర్సక్కకు మోకాళ్ళు పట్టేశాయి. మొన్నటి దీపావళికి గంగాళాలు, పొయ్యిలు, పళ్ళేలు ఒక ఒడియా ఆయనకు అమ్మేసి మెస్సు మూసేసింది.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం ఆమె నుంచి ఫోను వచ్చింది.

"తమ్మీ, పనేం లేకుంటే జర ఇంటికి రా. ఒక మాట అడగాలె."

కోసాడ్ కాలనీలో మూడో అంతస్తు ఆమె ఇల్లు. వెళ్ళేసరికి చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుని ఉంది. కొడుకు సురేశ్ మంచం మీద ఫోను చూసుకుంటున్నాడు. ఎంబ్రాయిడరీ మిషన్ మీద పనిచేస్తాడు, పుట్టింది పెరిగింది ఇక్కడే.

"సామాన్లు అమ్మినయి, బ్యాంకుల ఉన్నయి కలిపితే మూడు లక్షలైనయి," అంది నర్సక్క. "మీ అందరి పైసలు నేను దాసిన. నా పైసలు ఏడ దాసుకోవాల్నో నాకు సమజ్ అయితలేదు."

"మమ్మీకి చెప్తనే ఉన్న భయ్యా," అన్నాడు సురేశ్. "మ్యూచువల్ ఫండ్‌ల పెట్టు, ఫోన్ల నుంచే అయిపోతది అని. వినదు."

"తగ్గుతదట గద అది?"

"థోడా ఊపర్ నీచే తో హోతా హై, మమ్మీ."

"నేను కిందికీ మీదికీ ఎక్కలేకనే మెస్సు బంద్ జేసిన," అంది ఆమె. సురేశ్ నవ్వేశాడు.

కోరుట్లలో ఉన్న కూతురు లత బంగారం కొనమంటోందట. "నాకోసం కాదే అవ్వా, నీ చేతికే ఉంటది" అని రోజూ ఫోను చేస్తోందట. ఇక రాజలింగం బార్డోలీ దగ్గర ఒక ప్లాటు చూపిస్తానన్నాడట. రాజలింగం మా మెస్సు మనిషే. నా పక్కనే కూర్చుని తినేవాడు, ఇప్పుడు ప్లాట్లు అమ్మించే పనిలో ఉన్నాడు.

"సాంబయ్యకు జాగ అంటె పాణం," అంది. "సూసి వద్దాం, నువ్వు తోడు రా."

తర్వాతి ఆదివారం ఇద్దరం బార్డోలీ బస్సెక్కాం. దారి పొడుగునా చెరకు ట్రాక్టర్లు అడ్డం వస్తున్నాయి. రాజలింగం స్టాండులో ఎదురొచ్చి ఆటోలో తీసుకెళ్ళాడు. చెరకు తోటల మధ్య చదును చేసిన నేల, సున్నం కొట్టిన హద్దు రాళ్ళు, ఒక వేపచెట్టు. ఆమె దగ్గరున్న డబ్బుకు చివరి మూలలో ఒక చిన్న ముక్క వస్తుంది. నర్సక్క చెప్పులు విడిచి ఆ ముక్క మీద ఆ చివర నుంచి ఈ చివరకు కుంటుతూ నడిచింది.

"ఇక్కడ ఎవలుంటరు రాజలింగం?"

"ఇప్పుడైతే ఎవలు లేరక్కా. ఐదారేండ్లకు ఇండ్లు లేస్తయి."

"అప్పటిదాంక?"

"అప్పటిదాంక ఊకె ఉంటది."

ఆమె చెప్పులు తొడుక్కుంది. వేపచెట్టు కింద కూర్చుని సంచిలోంచి డబ్బా తీసింది. ముగ్గురికీ సరిపడా అన్నం, పచ్చిపులుసు, వంకాయ కూర తెచ్చింది. మేం తింటుంటే అలవాటుగా గరిటె ఎత్తి కనుబొమ్మలు ఎగరేసింది. రాజలింగం రెండోసారి వేయించుకున్నాడు. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, ఒక మాట చెప్త," అన్నాడు. "జాగ మంచిదే. కాయిదాలు సాఫ్ ఉన్నయి. రేటు పెరుగుతది. కానీ నీకు దవాఖాన ఖర్చు వచ్చిన్నాడు ఇది అమ్మాలంటే అమ్ముడుపోదు. ఆర్నెల్లు పట్టచ్చు, యాడాది పట్టచ్చు. వేరేటోళ్ళకైతే గీ మాట చెప్పకపోదును. నీకు వద్దు."

"నీ కమీషన్ పాయె గదరా," అంది నర్సక్క.

"పోనీ తియ్యి."

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చాలాదూరం పోయాక, నాతో చెబుతున్నట్టు కాకుండా మాట్లాడింది.

"పది తారీఖు అచ్చిందంటే మీకు పగార్ అయ్యేది. ఆ దినం పొయ్యి మీద కూర మాడినా నాకు సోయి ఉండకపోయేది. ఒక్కొక్కడు వచ్చి పైసలు చేతుల పెట్టి, ఊళ్ళె అమ్మకు బాగలేదనో చెల్లెకు సంబంధం వచ్చిందనో ఏదో ఒక ముచ్చట చెప్పిపోతుండె. ఇప్పుడు పది తారీఖు అస్తది, పోతది. తలుపు కొట్టేటోడు లేడు."

ఏడవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుందంతే, ఎండ పడుతోంది కాబట్టి.

ఆ మాట విన్నాక నాకు దారి దొరికినట్టయింది. పోస్టాఫీసులో నెలనెలా వడ్డీ ఇచ్చే పథకం ఉందని చెప్పాను. మూడు లక్షలకు నెలకు పద్దెనిమిది వందల యాభై వస్తుంది, ఐదేళ్ళకు అసలు తిరిగి వస్తుంది. ఏడాది దాటాక మధ్యలో అవసరమైతే కొంత కోత పెట్టి ఇచ్చేస్తారు. ఫండ్లంత పెరగదు, బంగారమంత మెరవదు అని కూడా చెప్పాను.

"నెలనెలా అస్తదా?"

"నెలనెలా."

"మనమే పోయి తీసుకోవచ్చునా?"

"ఖాతాల పడ్తది అక్కా. కావాలంటే పోయి తీసుకోవచ్చు."

"అట్లనే పెడదాం," అంది.

ఇంటికి పోయి చెబితే సురేశ్ ఒక్క క్షణం ఫోను పక్కన పెట్టాడు. "నీ పైసలు మమ్మీ, నీ ఇష్టం. ఐదేండ్ల తర్వాత ఒక లక్ష నాకియ్యి, డబుల్ చేసి చూపిస్త," అన్నాడు. లతకు ఫోనులో చెప్పినప్పుడు మాత్రం కాస్త అలిగింది. నామినీగా ఇద్దరి పేర్లూ సగం సగం రాయిస్తానని చెప్పాక మెత్తబడింది.

పోస్టాఫీసులో ఫారం నేనే నింపాను. వృత్తి అన్నచోట గృహిణి అని రాశాను. నర్సక్క వేలు పెట్టి అడిగింది, ఇక్కడ ఏం రాసినవ్ అని. చెప్పాను.

"ఇల్లు సూసుకున్నది నేనెప్పుడు తమ్మీ? పిల్లల్ని గూడ లత వాళ్ళ నాయినే తయారుజేసి బడికి తోలిండు. వంట అని రాయి."

కొట్టేసి రాస్తే ఫారం పాడవుతుందన్నాను. కౌంటరు దగ్గరి గుజరాతీ అమ్మాయి మా మాటలు అర్థంకాక చూస్తూ, సంగతేమిటని హిందీలో అడిగింది. చెబితే ఇంకో ఫారం తీసిచ్చింది. మళ్ళీ మొదటి నుంచి నింపాను. నర్సక్క కింద తెలుగులో సంతకం పెట్టింది, మూడక్షరాలు, సాంబయ్య నేర్పినవి. ఆ అమ్మాయి ఆ అక్షరాలను కాసేపు చూసి ముద్ర వేసింది.

నెల తిరిగాక మొదటి వడ్డీ పడింది. ఆమె నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి నోట్లు చేతిలోకి తీసుకుంది. బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి, నేను అస్సలు ఊహించని మాట అంది.

"హోటల్‌కు పోదాం పా. ముప్పై ఏండ్లు వడ్డించిన. ఒకడు నాకు వడ్డిస్తె ఎట్లుంటదో సూస్త."

దగ్గర్లోని గుజరాతీ భోజనశాలకు వెళ్ళాం. పెద్ద స్టీలు పళ్ళెం, చుట్టూ గిన్నెలు. వడ్డించేవాడు యాభై ఏళ్ళ మనిషి, నుదుట చెమట. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి వేసి పోతున్నాడు. నర్సక్క రెండుసార్లు లేవబోయింది, ఎదుటి బల్ల మీద నీళ్ళ గ్లాసు ఖాళీగా ఉందని. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. పప్పు నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది, తీపి అని. అయినా గిన్నె ఖాళీ చేసింది. రొట్టెలు వేడిగా ఉన్నాయని మెచ్చుకుంది. కాసేపటికి ఆమె భుజాలు వదులయ్యాయి. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, నెమ్మదిగా నమిలింది. ఆమె అన్నం తినడం అన్నేళ్ళలో నేను సరిగ్గా చూడనేలేదని అప్పుడు తట్టింది.

మజ్జిగ పోయడానికి ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. నర్సక్క గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి, తనకొచ్చిన హిందీలో అడిగింది.

"భయ్యా, తుమ్ ఖానా ఖాయా?"

అతను ఆగి, మూడు గంటలకు తింటానని చెప్పాడు. "మెస్సుల నాకూ గదే టైము," అని నాతో అంటూ ఆమె గోడ గడియారం వైపు చూసింది. ఒంటిగంటన్నర. గ్లాసు మీది చెయ్యి తీసి మజ్జిగ పోయించుకుంది.