ఐక్య సంఘానికి బేకరీ బ్రెడ్డు

మా బెల్లంపల్లిలో రెండు సంఘాలు ఒకటైన ముచ్చట ఎవరైనా ఎత్తితే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత ఒళ్ళు మండుతుంది. రెండు చర్చీలకూ మధ్య ఒక బీడీ కాలేంత దూరం కూడా లేదు. పాడేవి అవే పాటలు, మొక్కేది ఆ ఒక్క దేవుడికే. కాకపోతే మా వాడ వాళ్ళది ఒక కులం, అవతలి వాడ వాళ్ళది ఇంకొకటి. కులమంతా బాప్తిస్మం నీళ్ళలో కొట్టుకుపోయిందని రెండు చోట్లా ప్రసంగాలు చేస్తారు. పెళ్ళి సంబంధం మాట రాగానే అది ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చేస్తుంది. మా వాళ్ళూ తక్కువేం కాదు, అవతలి వాడ పిల్లను చేసుకున్నాడని సొంత మేనల్లుడితో మాటలు మానేసిన సంఘ పెద్ద మాకూ ఉన్నాడు.

మా బాపు బొగ్గు బాయిలో పనిచేసిన రోజుల్లో భూమి లోపల రెండు వాడల వాళ్ళూ ఒకరి టిఫిను గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టి తినేవాళ్ళట. పైకి వచ్చి మసి కడుక్కున్నాక ఎవరి గిన్నె వాళ్ళది. బాయిలు ఒక్కొక్కటే మూతబడ్డాయి, జనం బతుకుదెరువుకి తలో దిక్కు పోయారు, రెండు చర్చీల్లోనూ సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. అప్పుడు గుర్తొచ్చింది మాకు, విశ్వాసులందరూ ఒకటేనని.

ఒకటి కావడానికి అయిదు మీటింగులు పట్టాయి. బ్యానరు మీద ఎవరి చర్చి పేరు ముందుండాలి అన్నదానికి ఒకటి. కీబోర్డు వాయించేది మా పిల్లవాడా వాళ్ళ పిల్లవాడా అన్నదానికి ఇంకొకటి. ఇద్దరు పాస్టర్లలో మొదటి ఆదివారం ప్రసంగం ఎవరిదన్నది తేలకముందే చాయ్ రెండుసార్లు వచ్చింది. ఆ మీటింగులన్నిటికీ రాతపని నాదే. కొత్త సంఘానికి కార్యదర్శిని కూడా నన్నే చేస్తామన్నారు. ఆ మాట నా చెవికి ఎంత ఇంపుగా ఉందో దాచను.

చివరి మీటింగులో ప్రభువు బల్లకు, అంటే చర్చిలో అందరం పంచుకుని తినే ప్రభు భోజనానికి, రొట్టె ఎవరు చేయాలన్న మాట వచ్చింది. మా సంఘంలో ఆ రొట్టె చేసేది నన్ను కన్న మా అవ్వ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమే. నెలలో మొదటి ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం తలస్నానం చేసి, గోధుమపిండి జల్లించి, ఉప్పు లేకుండా నీళ్ళతోనే పిసికి, దానికోసమే పక్కన పెట్టిన పెనం మీద మాడు మచ్చ పడకుండా కాల్చేది. తెల్లగుడ్డలో చుట్టి చర్చికి తానే మోసుకెళ్ళేది. అవ్వకు చదువు రాదు, ప్రార్థన బిగ్గరగా చేయమంటే సిగ్గు. దేవుడి పనిలో ఆమెకు దక్కిన వాటా ఆ రొట్టె ఒక్కటే.

అవతలి సంఘ పెద్ద, బాయిలో కూలీల మీద సర్దారుగా చేసి రిటైరైనాయన, గొంతు సవరించుకున్నాడు. కరోనా వచ్చిపోయాక శుభ్రత చూసుకోవాలి కదా అన్నాడు. కరోనా అప్పటికి పోయి ఎన్నాళ్ళో అయింది. తర్వాత అసలు మాట బయటపెట్టాడు.

"ఎవలింట్ల చేసిండ్రన్న ముచ్చటే వద్దు. బేకరీల తెద్దాం. గప్పుడు ఎవలికీ ఫికరుండది."

బస్టాండు దగ్గరి ఆ బేకరీలో పిండి ఎవరు పిసుకుతారో మాలో ఒక్కరికీ తెలియదు. తెలియకపోవడమే వాళ్ళకు శుభ్రత. మా అవ్వ చేతులు తెలుసు, ఆ చేతులది ఏ వాడో తెలుసు, అందుకే అవి పనికిరాలేదు. మా పాస్టరు తల దించుకుని, చిన్న విషయానికి ఐక్యత చెడగొట్టుకోవద్దన్నాడు. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తమన్నారు. నేను ఎత్తాను. ఎత్తిన చేత్తోనే పెన్ను పట్టుకుని, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని రాశాను.

శనివారం నేను ఇంటికి వచ్చేసరికి అవ్వ పిండి జల్లించి పెట్టుకుంది. ఈసారి రొట్టె బేకరీ నుంచి వస్తుందని, పాస్టర్లిద్దరూ అలా అనుకున్నారని, నాకేమీ తెలియదని చెప్పాను. అవ్వ చేతులు చీరకు తుడుచుకుని వాటినే చూసుకుంది.

"నా చేతులకేమైంది బిడ్డా?"

ఏమీ కాలేదన్నాను. ఆమె ఆ పిండిలో ఉప్పు వేసి, మామూలు పెనం మీద రొట్టెలు కాల్చి నాకు పెట్టింది. సిగ్గు లేకుండా మూడు తిన్నాను. మా వాడలో మాట ఎంతసేపు దాగుతుంది? దీపాలు పెట్టే వేళకే పక్కింటావిడ వచ్చి, నేను చెయ్యెత్తిన సంగతి అవ్వ చెవిన వేసింది.

మర్నాడు చర్చి నిండింది. రెండు వాడల జనం ఒక్కచోటే కూర్చున్నారు, మధ్యలో ఒక వరస దానంతటదే ఖాళీగా ఉండిపోయింది. ప్రసంగం గంటన్నర, అందరం ఒకే శరీరం అన్నదే అందులో సారం. బల్లకు ముందు, ఎవరికైనా ఎవరి మీదనైనా మనసులో కోపం ఉంటే వెళ్ళి సమాధానపడి రమ్మని పాస్టరు పిలవడం మా ఆనవాయితీ. ఆ పిలుపుకు ఎవరూ లేవరు. కాసేపు దగ్గుతారు, కళ్ళు మూసుకుంటారు, పాట మొదలవుతుంది.

ఆ రోజు అవ్వ లేచింది. ఆడవాళ్ళ వైపు నుంచి మగవాళ్ళ వైపుకు, అందరి ముందు నుంచి, మోకాళ్ళు పట్టుకుంటూ నడిచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. కడిగేస్తుందనుకున్నాను. కడిగేస్తే బాగుండును.

"నాతోని అబద్ధమాడినవని నిన్నటి సంది నీ మీద కోపం పెట్టుకున్న బిడ్డా. గీ కోపంతోని బల్ల ముట్టొద్దు. నన్ను క్షమించు."

పాస్టరు మైకులో స్తోత్రం అన్నాడు, చూశారా ఐక్యత అంటే ఇదీ అన్నాడు. సర్దారుగా చేసినాయన కళ్ళు తుడుచుకున్నాడు, కుర్చీలోంచి మాత్రం కదల్లేదు. అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. క్షమించమనే మాట మా అవ్వకు చెప్పాల్సింది నేను. అది చెబితే చెయ్యెత్తిన సంగతి అంతమందిలో చెప్పాలి, ఎందుకు ఎత్తానో చెప్పాలి.

"క్షమించిన అవ్వా" అన్నాను.

ఆమె తల ఊపి, తేలికపడ్డ మనిషిలా తన చోటికి వెళ్ళిపోయింది. పళ్ళెం వచ్చినప్పుడు ఒక బ్రెడ్డు ముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని తింది. నేనూ తిన్నాను. నన్ను క్షమించమని మాత్రం ఈ రోజు వరకు ఆమెను అడగలేదు.