చాంపియన్ రీఫ్స్‌కు ఒక బుట్ట మామిడిపళ్ళు

కోలారు బంగారు గనుల ఊరు మా బైరకూరుకు మరీ దూరమేమీ కాదు. అయినా గని మూతపడ్డాక మా పెద్దనాయన రామప్ప ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. ఆయన చాంపియన్ రీఫ్స్ గనిలో డ్రిల్లు పట్టిన మనిషి. ఆయన పక్కన ఎప్పుడూ సెల్వం ఉండేవాడు. గని మూశాక పెద్దనాయన మామిడితోపు చూసుకోవడానికి బైరకూరు వచ్చేశాడు, సెల్వం అక్కడే ఉండిపోయాడు. వయసంతా భూమి కింద గడిపిన సెల్వానికి కాయల బరువుతో వంగిన తోపును ఒక్కసారి చూడాలని ఆశ. వచ్చే కాపుకు పిలుచుకొస్తానని పెద్దనాయన ఏటా ఫోన్‌లో చెప్పడం, ఏటా ఏదో ఒక పని అడ్డం పడటం. ఈ వేసవిలో సెల్వం కోడలు ఫోన్ చేసి మామకు ఊపిరి సరిగా ఆడటం లేదని చెప్పింది. ఎలాగైనా సెల్వాన్ని తోపుకు తీసుకురావాలని, బుట్టెడు బాదామి మామిడిపళ్ళు సర్దుకుని ఇద్దరం బయల్దేరాం. నేను మాలూరులో టీచరుని, బడికి సెలవులు కనుక తోడు వెళ్ళాను.

ముళబాగిలులో పొద్దున్నే బస్సెక్కితే బేతమంగళం మీదుగా ఎండ ముదరక ముందే గనుల ఊరి బస్టాండు ఉన్న రాబర్ట్‌సన్‌పేటలో దిగవచ్చు. టికెట్టు వంద రూపాయల లోపే. అక్కడ పూటకు ఆరువందలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు తమిళం, తెలుగు, కన్నడ కలిపి ఒకే వాక్యంలో మాట్లాడే పెద్దమనిషి. తిరుగు ప్రయాణానికి కారు కూడా తనే చూస్తానన్నాడు. నేరుగా సెల్వం ఇంటికి పోదామంటే పెద్దనాయన ఒప్పుకోలేదు. ముందు ఊరు చూపిస్తానన్నాడు.

చూపించాడు కూడా, నిజంగా చక్కగా. ఇంగ్లీషు దొరలు బంగారం కోసం వచ్చి తమ ఊరినే ఇక్కడ కట్టుకున్నారు. ఎత్తైన పెంకుటి కప్పుల బంగళాలు, వాటికి పొగగొట్టాలు, గోల్ఫు మైదానం, క్లబ్బు, రాతి చర్చి, ఆసుపత్రి. బెంగళూరు వీధుల్లో దీపం వెలగకముందే ఇక్కడ కరెంటు వెలిగిందని పెద్దనాయన తానే తీగలు లాగినంత గర్వంగా చెప్పాడు. చాలా బంగళాలకు ఇప్పుడు కిటికీలు కూడా లేవు. సైనైడ్‌తో బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి ఊరి పక్కన బూడిదరంగు గుట్టలుగా పడి ఉంది. వీటిని సైనైడ్ దిబ్బలంటారు. ఫొటోల కోసం వాటి మీదికి ఎక్కకండి, గాలి లేస్తే కళ్ళు తెరవలేం.

గని నోటి మీద నిలబడ్డ ఇనుప గోపురాన్ని కంచె బయటి నుంచే చూడాలి. లోపలికి వదలరు. పైన చక్రం కదలకుండా ఉంది. ఈ చక్రం తిరిగినన్నాళ్ళు మనుషులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి వచ్చేవాళ్ళు. పెద్దనాయన చాలాసేపు తల పైకెత్తే ఉన్నాడు. తర్వాత చర్చి ఇంకోసారి చూద్దామన్నాడు. అది చూశాక క్లబ్బు వెనకవైపు చూడలేదన్నాడు. డ్రైవరు నా వైపు చూశాడు. సెల్వం మామ ఎదురుచూస్తూ ఉంటాడు కదా అని నేను అడిగేశాను.

“పోతే వాడు రాలేనంటాడమ్మా,” అన్నాడు పెద్దనాయన. “పోనంతసేపూ వస్తాడనే ఉంటాది గదా.”

ఆటోను సెల్వం ఇంటికే పోనిమ్మని నేను డ్రైవరుకు చెప్పాను.

కార్మికుల ఇళ్ళను ఇక్కడ లైన్లంటారు. గోడకు గోడ ఆనుకున్న చిన్న గదుల వరసలు. సెల్వం ఇంట్లో గిన్నెల అరకు అడ్డంగా ఒక తాడు కట్టి ఉంది. కింద రాయి పగిలినప్పుడల్లా పైన ఇళ్ళు అదిరేవి, గిన్నెలు పడకుండా ఆ తాడు కట్టేవాళ్ళట. గని ఆగినా తాడు విప్పలేదని కోడలు చెప్పింది. సెల్వం మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం, పక్కన సిలిండరు. పొద్దున్నుంచి దారి చూసి చూసి అలసిపోయాడని కోడలు మెల్లగా చెప్పింది. కారు మాట ఎవరూ ఎత్తలేదు. సెల్వం ఒక పండు తీసుకుని వాసన చూసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్దనాయన వచ్చే కాపు గురించి మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని వేసవులు ఏం చేశామని మా మీద మాకే కోపం వచ్చింది.

బయల్దేరి గడప దాటాం. గనివాళ్ళు పోయే మనిషిని వెనక నుంచి పిలవరు. షిఫ్టుకు పోయేవాడిని అలా పిలిస్తే తిరిగి పైకి రాడని భయం. అన్నం క్యారియరు మరిచిపోయినా సరే, పరుగెత్తి ఎదురుగా పోయి ఇస్తారు తప్ప పిలవరు. అలాంటి సెల్వం వెనక నుంచి “రామప్పా” అని పిలిచాడు.

పెద్దనాయన ఆగి, వెనక్కి తిరిగాడు.

“మీ తోపు యా దిక్కున ఉండాది?”

పెద్దనాయన చెయ్యి చాచి ఉత్తరం చూపించాడు. మంచం అటు తిప్పమన్నాడు సెల్వం. కోడలూ మేమిద్దరమూ కలిసి గొట్టం ఊడకుండా తిప్పాం. ఆ వైపు ఉన్నది గోడ ఒక్కటే. సెల్వం దాని వైపు చూస్తూ, ఇంక మీరు పోండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

కారు వద్దని డ్రైవరుకు చెప్పి తిరుగు బస్సెక్కాం. ఇంత దగ్గరి ఊరికి ఎప్పుడైనా పోవచ్చులే అనుకోవడమే మా తప్పు. దూరమైతే ఏనాడో వెళ్ళి ఉండేవాళ్ళం. ఇటు వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ లైన్లలో మీకు తెలిసిన పెద్దవాళ్ళుంటే బస్సు దిగగానే ముందు వాళ్ళింటికి వెళ్ళండి, ఎండెక్కేసరికి అలసిపోతారు. చర్చి, క్లబ్బు సాయంత్రానికీ అక్కడే ఉంటాయి.